పదమూడో నెల ఊరు

పంపు అన్న మీట నొక్కేసింది జెనెబెచ్. నొక్కాక కూడా వేలు అక్కడి నుంచి తీయలేదు, తీస్తే ఫైలు వెనక్కి నడిచి వచ్చేస్తుందేమోనని. బయట కాఫా కొండల్లోని బోంగా ఊరి వాన, ఎప్పుడూ కురిసేదే, రేకుల మీద పడి పడి చెవులకు అలవాటైపోయినదే. గదిలో వర్కె పిన్ని నేల మీద పచ్చగడ్డి పరిచి, చిన్న పీట వేసుకుని, పచ్చి కాఫీ గింజలను నీళ్ళలో రుద్ది రుద్ది కడుగుతోంది. తెర మీద ఒక చిన్న మాట వెలిగింది: వరుసలో ఉంది. ఉండనీ, అనుకుంది జెనెబెచ్. ఇన్నాళ్ళూ మనుషులే వరుసల్లో నిలబడ్డారు, సంతలో, బస్సు దగ్గర, బడి ఫీజు గుమ్మం దగ్గర. ఇవాళ వాళ్ళ తోటలు నిలబడ్డాయి. ఆఫీసులో ఇద్దరే ఉన్నారు. కాఫీ రైతుల సంఘం జనమంతా గిడ్డంగి దగ్గర, లారీల దగ్గర, ఛైర్మన్ మెకురియా వెనకాల. కొనేవాళ్ళేమో సముద్రాల అవతల. వాళ్ళకి ఇప్పుడు గింజ ఒక్కటే చాలదు. ఆ గింజ పుట్టిన తోట ఎక్కడుందో, దాని మూలలు ఎక్కడెక్కడ పడ్డాయో, ఎవరిదో, ఎవరు ఏ రోజున దాని చుట్టూ నడిచి కొలిచారో, అంతా ఒకే ఒక్క ఫైల్లో, వాళ్ళ మెషీన్ చదవగలిగే పద్ధతిలో రాసి పంపాలి. మెషీన్ చదువుతుంది. ఒక్క తోట దగ్గర తప్పు పట్టిందా, ఫైలు మొత్తం వెనక్కి వస్తుంది. ఈ సాయంత్రంతో తలుపు మూసేస్తారు. ఆ తర్వాత ఎంత మంచి ఫైలు పంపినా అది వచ్చే పంటకే.

అయితే భయం వేయాలి కదా. వేయలేదు. లోపలెక్కడో గర్వం పొంగుతోంది, పాలు పొంగినట్టు, మూత పెట్టినా ఆగనంటూ. ఆ ఫైల్లో ప్రతి బ్రాకెట్టూ ఆమె తెరిచిందే, ఆమె మూసిందే. సంఘం బ్రాకెట్టు లోపల ఊళ్ళు, ఊరి లోపల తోటలు, తోట లోపల మూలలు, మూల లోపల రెండేసి అంకెలు, అరటిలాంటి ఎన్సెట్ ఆకులో చుట్టి, ఆ చుట్టను ఇంకో ఆకులో చుట్టి అమ్మ పాతిపెట్టే పిండిలాగా. తెరిచింది మూయకపోతే లోపలున్నదంతా పాడు. ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో ఆమె ఒక సంగతి కనిపెట్టింది. చదవడం వేరు, రాయడం వేరు. ఫోన్లలోంచి వచ్చిన కామాల వరుసలు చదివేటప్పుడు ఎవర్నీ నమ్మకూడదు, అత్తగారు కోడలి పప్పును రుచి చూసినట్టు చూడాలి. రాసేటప్పుడు మాత్రం మాటిచ్చినట్టు రాయాలి, అవతలివాడు ఇంకోసారి అడగక్కర్లేకుండా. ఈ రెండూ ఒక్క మనిషికే రావడం అరుదు, నాకు రెండూ వచ్చు, అని ఆమె ఎవరితోనూ అనలేదుగానీ అనుకోవడానికి ఎవరి అనుమతీ అడగలేదు.

గింజలు పెనం మీద పడ్డాయి. చిటపట. ఆ చప్పుడు వినగానే హైలె గుర్తొచ్చాడు, వడ్రంగి హైలె. కొలవడానికి వెళ్ళిన పిల్ల ఫోన్లో అతని పేరు గడిలో "హైలె, వడ్రంగి" అని కొట్టింది, ఊళ్ళో హైలెలు మరి ఎంతమందో. ఆ ఒక్క కామాతో వరుసంతా ఒక గడి పక్కకి జరిగింది. వడ్రంగి అన్నది ఊరి పేరైపోయింది, ఊరి పేరు నెలైపోయింది, నెల తోట మూలై కూర్చుంది. రాజధాని నుంచి సంఘం కొనుక్కొచ్చిన ప్రోగ్రాము దాన్ని కిమ్మనకుండా మింగేసింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం ఆ ప్రోగ్రాము. అప్పుడే జెనెబెచ్ దాన్ని పక్కకి నెట్టి, సొంతంగా పైథాన్లో రాయడం మొదలుపెట్టింది. మొదటి ప్రయత్నం తన పరువే తీసింది, అదీ గుర్తుంది. తోట మూలకు రెండంకెలు, ఉత్తరానికి ఎంత, తూర్పుకి ఎంత. ఫోను ఉత్తరం ముందు చెప్తుంది, ఫైలు తూర్పు ముందు అడుగుతుంది. ఆమె తిరగేయడం మరిచింది. పటం తెరిచి చూస్తే బోంగా అడవుల్లో కాఫీ తోటలన్నీ పోయి అల్జీరియాలో తేలాయి. మెకురియా, ఆమె పెద్దరికమిచ్చి గాషే అని పిలిచే మనిషి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "మనవాళ్ళు నయం, పాస్‌పోర్టులు లేకుండా వెళ్ళొచ్చారు! వచ్చేటప్పుడు ఖర్జూరాలేమైనా తెచ్చారా అడుగు." ఆమె నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే తిరగేసి, అందర్నీ ఇళ్ళకు చేర్చి, అప్పుడు నవ్వింది, ఒక్కతే.

"ఏమే, పిలిస్తే పలకవు? పొగ పీల్చు," అంటూ వర్కె పిన్ని వేగిన గింజల పెనాన్ని ముక్కు దగ్గర తిప్పింది. చేత్తో పొగను తనవైపు తీసుకుని పీల్చింది జెనెబెచ్. తీయటి, మాడీ మాడని, అమ్మ కొంగు వాసన.

"పిన్నీ, ఇది మన గింజేనా?"

"మనదేమిటే, గాచిటి గింజ. మీ అమ్మ పంపిందే. వేరేవి నీకు పోస్తే ఊరుకుంటావా? మూతి ముప్పై వంకరలు తిప్పవూ!"

గాచిటి, అమ్మ ఉండే ఊరు. ఈ గంటంతా ఆ పేరు మీదే నిలబడి ఉంది. మిగతా ఊళ్ళన్నీ కొలిచింది హిదార్ నెలలో, వానలు తగ్గాక, జనం కోతల్లో ఉన్నప్పుడు. గాచిటికి ఆ లెక్క కుదరదు. కోతల్లో వాళ్ళు అడవిలో ఉంటారు, కోతలు లేనప్పుడు తేనెపట్ల వెనక చెట్లెక్కుతారు, వాళ్ళను ఇంటి దగ్గర పట్టుకోవడం ఎవరి తరం? తమ్రు మేష్టారు గాచిటి బళ్ళో పాఠం చెప్పేవాడు, వాళ్ళ గుట్టు తెలిసినవాడు. పగుమేలో వెళ్ళాడు. పన్నెండు నెలలూ ముప్పయ్యేసి రోజుల చొప్పున అయిపోయాక, కొత్త సంవత్సరం రాకముందు మిగిలే ఆ అయిదారు రోజుల చిట్టి నెల. అధిక మాసంలా ఎప్పుడో వచ్చిపోయేది కాదు, ఏటా వచ్చేదే, పదమూడోది. ఆ రోజుల్లో ఎవరూ కొత్త పని ముట్టుకోరు, ఇల్లు అలుక్కుంటారు, వానలో తడుస్తారు, తగువులుంటే తీర్చుకుంటారు. అందరూ ఇంటి దగ్గర ఉంటారు. తమ్రు మేష్టారు తోట తోటకీ చుట్టూ నడిచి, మూల మూలకీ ఫోను పట్టుకుని, ఫోటో తీసి, తేదీ గడిలో ఉన్న నిజమే వేశాడు: పదమూడో నెల.

రాజధాని ప్రోగ్రాము దగ్గరికి ఆ వరుసలు వచ్చాయి. పదమూడో నెలా? లేదు పొమ్మంది. ఒక్కో వరుసనూ తీసి పక్కన పడేసింది, చప్పుడు లేకుండా. చివర్లో చక్కగా, అంతా సరిగ్గా ఉంది అని చెప్పింది. పటం మీద చూస్తే గాచిటి ఉన్నచోట ఒట్టి అడవి. మనుషులు లేరు, తోటలు లేవు, అమ్మ లేదు. జెనెబెచ్ ఫోను చేసింది. ఆ ప్రోగ్రాము రాసిన కుర్రాడు పాపం మర్యాదస్తుడే. "మేడమ్, ప్యాకేజీకి నెలలు పన్నెండే. నేనేం చేయను? పన్నెండో నెల చివరి రోజు, నెహాసె ముప్పై అని మార్చేయండి, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. వాడూ చిన్నప్పుడు పగుమే వానలో బట్టల్లేకుండా గంతులేసినవాడే, వాళ్ళమ్మా వాడి నెత్తిన ఆ నీళ్ళే పోసి ఉంటుంది. అయినా వాడికి తట్టలేదు. మెకురియాకీ తట్టలేదు. ఆఫీసుల్లో ఎవరికి తడుతుంది? జీతాలు పన్నెండు నెలలకే ఇస్తారు, అద్దెలు పన్నెండు నెలలకే తీసుకుంటారు. "జీతం రాని నెలని ఎవడు లెక్కపెడతాడమ్మా?" అన్నాడు మెకురియా, అదేదో లోకజ్ఞానం అయినట్టు. బయటివాళ్ళు చేసిన తప్పయితే తిట్టుకుని ఊరుకునేది. ఇది మనవాళ్ళు మన నెలకే చేసిన తప్పు. అందుకే అంత మండింది.

నెహాసె ముప్పై. ఆ మాట ఆమె అంతకుముందే వింది. రుఫాయెల్ దేవదూత పండగ రోజున, పగుమే మూడున, ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తుంటే పుట్టింది. ఆ నీళ్ళు దేవుడు దీవించినవంటారు, అందుకే నాన్న పిల్లకి వాన పేరే పెట్టాడు. జెనెబెచ్, కురిసింది అని. బోంగాలో గుర్తింపు కార్డు చేయించేటప్పుడు బల్ల వెనకాయన పైకి కూడా చూడకుండా, "పగుమేనా? నెహాసె ముప్పై వేసేస్తాను, ఏం నష్టం?" అన్నాడు. నాన్న టోపీ చేతిలో పట్టుకుని, సరేనయ్యా అన్నాడు. అప్పట్నుంచి ఆమె కార్డుకి ఒక రోజున, అమ్మకి ఇంకో రోజున పుట్టింది. యూనివర్సిటీ ఫారంలో నెలల గడి కిందికి లాగితే పన్నెండే ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ లాగింది, కిందెక్కడో దాక్కుని ఉంటుందేమోనని. పక్క సీటు పిల్ల నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. ఉన్నది లేదనిపించుకోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

అందుకే మార్చనంది. దానికి తోడు మార్చితే పట్టుబడతారు కూడా. మేష్టారు తీసిన ప్రతి ఫోటో లోపలా ఫోను తనకు తెలిసిన సెప్టెంబరు తేదీ రాసి పెట్టుకుంది, కొనేవాళ్ళ మెషీను ఆ తేదీనీ ఈ తేదీనీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. అబద్ధం ఆడితే అరక్షణంలో దొరుకుతారు. నిజం చెప్పాలంటే పదమూడో నెలను పదమూడో నెలగానే చదివి, దాన్ని వాళ్ళ లెక్కలో సరిగ్గా ఏ రోజో కట్టి రాయాలి. సిద్ధంగా దొరికే ప్యాకేజీలు వదిలేసి, ఆ చదివే ముక్కను తనే రాసింది. మెకురియా ఒప్పుకోలేదు. "పద్ధతిగా గాచిటి తీసేసిన ఫైలు ఒకటి చేసి పెట్టు. మిగతా ఊళ్ళు గట్టెక్కుతాయి. గాచిటికి వచ్చే ఏడు చూద్దాం." చేసి పెట్టింది. పక్క ఫోల్డర్లో ఉంది, ఫోల్డరుకి మెకురియా అని పేరు కూడా పెట్టింది. పంపింది మాత్రం అది కాదు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం అని వర్కె పిన్ని ఆమెను ఊరికే అనదు.

"అబోల్," అంది వర్కె పిన్ని, మట్టి కాఫీ కూజా, జెబెనాను ఎత్తి పట్టుకుని, సన్నటి ధార తెగకుండా చిన్న గిన్నెల్లోకి పోస్తూ. మొదటి విడత, చిక్కటిది. తెనాదామ్ అనే వాసనాకు రెమ్మ ఒకటి అంచున వేసింది. పేలాల పళ్ళెం ముందుకి తోసింది. జెనెబెచ్ ఒక గుక్క తాగి తెర చూసింది. వరుసలో ఉంది. వరుసలో ఉన్నంతసేపూ వెనక్కి తీసుకోవచ్చు. పరిశీలన మొదలైతే ఇక చేయి దాటినట్టే. ఈ సంగతి మెకురియాకీ తెలుసు, అదే వచ్చిన చిక్కు. కాఫీ గొంతులో వెచ్చగా దిగుతుంటే గాచిటి దారి కనిపించింది, ఆ దారిలో వంతెన లేని ఏరు, ఏరు దాటితే చీకటిలాంటి అడవి, చెట్ల కింద ఎవరూ నాటకుండా తమంతట తామే మొలిచిన కాఫీ మొక్కలు, వాటి మధ్య అమ్మ, చేతిలో కొడవలి, నోట్లో తిట్టు. కోతుల్నో, నాన్ననో, దేవుణ్ణో, ఎవర్నో ఒకర్ని.

జెబెనా మళ్ళీ బొగ్గుల మీదికి ఎక్కింది. రెండో విడత తోనా పోస్తుండగానే ఫోను మోగింది. మెకురియా. వెనక లారీల రొద.

"వెళ్ళిందా?"

"వరుసలో ఉంది గాషే."

"ఏది?"

"అన్ని ఊళ్ళూ ఉన్నది."

లారీల రొదను మించి అరిచాడు.

"గాచిటితోనా?"

"గాచిటితోనే."

"అమ్మా జెనెబెచ్, నీకు దండం పెడతాను. ఇంకా వరుసలోనే ఉందంటున్నావుగా, వెనక్కి లాగెయ్. నేను చేయించిన ఫైలు పెట్టెయ్. గాచిటివాళ్ళు ఇక్కడి సంతలో ఎంతో కొంతకి అమ్ముకుంటారు. నేను మాట్లాడతాను వాళ్ళతో."

"ఏమని మాట్లాడతారు? మీరు పదమూడో నెల్లో ఉన్నారు కాబట్టి అసలు లేరు, అనా?"

"వెటకారాలొద్దు. అది వెనక్కొస్తే ఇంకోటి పంపే టైముండదు. ఇన్ని ఊళ్ళ బరువు నీ ఒక్కదాని మెడ మీదుంది, తెలుస్తోందా?"

"తెలుసు గాషే."

"తెలిస్తే లాగెయ్. నేనొస్తున్నా," అని పెట్టేశాడు.

తెలుసు అని అనేసిందిగానీ ఆ మాట అన్నాకే నిజంగా తెలిసింది. హైలె కాఫీ ఉంది అందులో. వర్కె పిన్ని వాళ్ళ అన్న కాఫీ ఉంది. ఎవరెవరి పిల్లల బళ్ళో, ఎవరి ఇంటి రేకులో, ఎవరి కంటి ఆపరేషనో. వాళ్ళెవరూ ఆమెను పందెం కాయమనలేదు. నా గర్వం నాది, వాళ్ళ పంట వాళ్ళది కదా? చేయి మౌసు మీదికి వెళ్ళింది. వెనక్కి తీసుకో అన్న మీట బూడిద రంగులో, ఏమీ ఎరగనట్టు ఉంది. సరిగ్గా అప్పుడే ఇంకో అనుమానం వచ్చింది. ఆరు. పగుమేకి రోజులు అయిదు. నాలుగేళ్ళకోసారి ఆరు. మేష్టారు గాచిటి వెళ్ళిన ఏడు ఎన్ని? అమ్మ తోట చివరి రోజున కొలిచాడు, వాన తెరిపిచ్చాక, కొత్త సంవత్సరం ముందురోజు. అయిదో ఆరో? ఆరే, వరుసలో ఆరే ఉంది, ఆమె చూసింది. మామూలు ఏడైతే ఆ సెప్టెంబరు తేదీకి ఇక్కడ కొత్త సంవత్సరం వచ్చేసేది. ఆరో రోజుని తన ప్రోగ్రాము ఒప్పుకుంటుందా? లేక తనూ ఆ రాజధాని కుర్రాడిలాగే, అయిదు దాటితే లేదు పొమ్మని, అమ్మ తోట ఒక్కదాన్నే నిశ్శబ్దంగా తీసి పక్కన పడేసిందా? రాసింది, రాసే ఉంటుంది, రాసిందా? గుర్తు రావడం లేదు. తను రాసిందే తనకు గుర్తు రావడం లేదు.

ప్రోగ్రాము తెరిచింది. కిందికి, కిందికి. చదివే ముక్క, తేదీలు, పగుమే. అక్కడ ఒక మాట కనిపించింది: లూకా. అంతే, ఊపిరి తిరిగొచ్చింది. ఆ మాట వెంట నాన్న వచ్చాడు, కొత్త సంవత్సరం పొద్దున్నే గుడి నుంచి తెల్ల శాలువాలో, పసుపు పూలతో. గుమ్మంలోనే నిలబడి, "లూకా దగ్గర్నుంచి యోహాను దగ్గరికి దాటించాడు దేవుడు," అంటాడు. ప్రతి ఏడాదికీ ఒక సువార్తికుడి పేరు, మత్తయి, మార్కు, లూకా, యోహాను, మళ్ళీ మత్తయి. లూకా ఏడు ముగిసేటప్పుడే పగుమేకి ఆరో రోజు. ఇది కాఫా దేశంలో చంటిపిల్లలకీ తెలుసు, బళ్ళో చెప్పాల్సిన పని లేదు. ఆమె ఆ లెక్కను ప్రోగ్రాములో రాస్తూ వేరే పేరు పెట్టబుద్ధి కాక, నాన్న నోటి పేరే పెట్టింది. లూకా అయితే ఆరు, కాకపోతే అయిదు. ఎక్కడో ఒక మెషీన్ లోపల, సున్నాల మధ్య, ఒకట్ల మధ్య, శాలువా కప్పుకుని నాన్న నిలబడి ఉన్నాడు. కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు, పిన్ని చూస్తే చూసిందనుకుంది.

ఆ వరుస కూడా తెరిచి చూసింది, అమ్మ తోట. మూల తర్వాత మూల, అంకెల జంటలు. ఎవరు చూసినా అంకెలే. ఆమెకు మాత్రం అమ్మ నడక. ముందు అమ్మ, వెనక ఫోనుతో మేష్టారు. పడమర పక్క తిన్నగా వచ్చే గట్టు ఒకచోట ఉన్నట్టుండి లోపలికి వంగి, చిన్న మలుపు తిరిగి, మళ్ళీ బయటికొస్తుంది. ఎందుకలా వంకరొచ్చిందని మేష్టారిని అడిగితే ఆయన నీళ్ళు నమిలి, "మీ అమ్మగారు అటు నడవనన్నారమ్మా" అన్నాడు. అక్కడ నాన్న సమాధి. "ఆయన్ని కూడా కాఫీతో కలిపి అమ్ముతానటయ్యా?" అందిట. ఆ మలుపును సరిచేయలేదు జెనెబెచ్. తిన్నగా చేస్తే ఫైలు చిన్నదవుతుందని తెలిసీ చేయలేదు. తోటంటే అదే, ఆ వంకరతో సహా. వాళ్ళ మెషీన్ దాన్నీ చదవాలి.

వెనక్కి తీసుకో మీద నుంచి చేయి తీసేసింది. తీసి, కాఫీ గిన్నె పట్టుకుంది. తప్పైతే తప్పే, కానీ తప్పు లేదు. నేను రాశాను, నాకు తెలుసు. పొగరంటే పొగరే. లేనిది ఉందనుకుంటే పొగరు చెడ్డదిగానీ, ఉన్నదాన్ని ఉందనడానికి కాస్త పొగరు కావాలి, లేకపోతే నాన్నలాగా టోపీ తీసి సరేనయ్యా అనాల్సి వస్తుంది. ఆయన అన్నాడు, పాపం, ఆయనకి వేరే దారి లేదు. నాకుంది. తెర వైపు చూసింది. వరుసలో ఉంది అన్నది పోయి, పరిశీలిస్తున్నాం అని వచ్చింది. ఇంక అయిపోయింది, ఏట్లో దిగినట్టే. సరిగ్గా అప్పుడు ఉరుమొకటి కొండ మీద దొర్లింది, గోడ మీది పెట్టెలో పచ్చ దీపం టప్పున ఆరింది. ఇంటర్నెట్ పోయింది.

"పోయిందా?" అంది వర్కె పిన్ని.

"పోయింది."

"పోతే పోయింది, బరకా వదిలి మాత్రం లేవకు. మూడో విడత తాగకుండా లేస్తే దీవెన సగంలో వదిలేసినట్టు."

"నేనెక్కడికి పోతాను పిన్నీ, వానలో?"

"నీ సంగతి నాకు తెలీదా? రాజధాని దాకా నడిచెళ్ళి అడిగొచ్చే రకం."

నవ్వొచ్చింది. సాంబ్రాణి పొగ, గడ్డి వాసన, మూడోసారి కాగుతున్న పల్చటి కాఫీ. ఎక్కడో ఆమె ఫైలును ఒక మెషీన్ చదువుతోంది ఈ క్షణాన. మొదటి బ్రాకెట్టు తెరుచుకుంది. సంఘం. ఊళ్ళు. వడ్రంగి హైలె, ఇప్పుడు తన గడిలో తను బుద్ధిగా కూచుని. ఏటి ఒడ్డు తోటలు. తర్వాత గాచిటి. అక్కడ అది ఆగుతుందా? తేదీ చూస్తుంది, ఫోటో చూస్తుంది, తేదీ చూస్తుంది. మనిషైతే పైకి చూడకుండా ఏం నష్టం అంటాడు. మెషీన్ అనదు, దానికి అలసట లేదు, దానికి మేష్టారి తోటి, బల్ల వెనకాయన తోటి పనిలేదు, రాసింది రాసినట్టు చదువుతుంది. అందుకే దానంటే ఆమెకి ఇష్టం. సరిగ్గా చెప్పినవాళ్ళ మాట అది వింటుంది.

తలుపు దబ్బున తెరుచుకుంది. మెకురియా, నెత్తి మీద ప్లాస్టిక్ కవరు, బూట్ల నిండా ఎర్ర బురద. "లాగేశావా?"

"లేదు గాషే."

ఆయన నోరు తెరిచాడు. వర్కె పిన్ని ముందే గిన్నె అందించేసింది. "ముందు కూచోండి. బరకా చల్లారిపోతుంది. తిట్టేది తాగి తిట్టండి." వర్కె పిన్ని గిన్నె ఇస్తే వద్దనడం ఛైర్మన్ వల్ల కూడా కాదు. కూచున్నాడు. ముగ్గురూ ఆరిపోయిన ఆ పచ్చ దీపం వైపే చూస్తూ తాగారు. బొగ్గులు కొడిగట్టాయి. దీపం ఒకసారి మినుకుమంది, ఆరింది, మళ్ళీ మినుకుమంది, నిలబడింది.

జెనెబెచ్ తెరను రిఫ్రెష్ చేసింది. అక్కడ ఒకే మాట ఉంది, పచ్చగా: అంగీకరించాం. దాని కింద మెషీన్ తన పద్ధతిలో తిప్పి రాసిన తోటల వరుసలు. ఆమె ల్యాప్‌టాప్ మెకురియా వైపు తిప్పింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వేలితో ఒక్కో ఊరూ తాకుతూ కిందికి వచ్చాడు. గాచిటి దగ్గర వేలు ఆగింది. చాలాసేపు ఆగింది.

"పొగరుబోతు పిల్ల," అన్నాడు వర్కె పిన్నితో, జెనెబెచ్ అక్కడ లేనట్టు. తర్వాత ఇటు తిరిగి, "ఆ రెండో ఫైలుంది చూడు, నా పేరు పెట్టావటగా దానికి. తీసి పారెయ్యమ్మా. ఎవరైనా చూస్తే నా పరువు పోతుంది," అని, గిన్నె అక్కడ పెట్టి, లారీలు కదిలించమని అరుస్తూ వానలోకే పరిగెత్తాడు.

అమ్మకి ఫోను చేసింది. గాచిటిలో సిగ్నలు దొరికేది కొండ మీద ఒక్కచోటే, అమ్మ అక్కడ గొడుగేసుకుని ఎప్పట్నుంచి నిలబడిందో, సగం మోతకే ఎత్తింది.

"మన ఊరు ఎక్కిందా?"

"ఎక్కిందమ్మా. అందరూ ఎక్కారు."

"ఏ రోజు వేశావు నా తోటకి?"

"పగుమే ఆరు."

"అబద్ధం వెయ్యలేదుగా?"

"లేదమ్మా. వంకర కూడా అలాగే ఉంచాను."

"మంచి పని చేశావు," అంది అమ్మ. ఆ మాట ఆమె నోట రావడం అడవిలో ఏనుగు చెట్టెక్కడం లాంటిది, ఎవరూ చూసి ఉండరు. వెంటనే సర్దుకుని, "ఊరినైతే ఎక్కించావు. మరి నీ సంగతేంటే? నువ్వింకా ఆ కార్డు మనిషి చెప్పిన రోజునే పుడుతున్నావా?"

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ప్రోగ్రాములో తేదీ గడి తెరిచి, పదమూడు కొట్టింది, మూడు కొట్టింది, తను పుట్టిన ఏడు కొట్టింది. మీట నొక్కింది. గొణగలేదు, పక్కన పడేయలేదు. జవాబు వచ్చింది.

"సెప్టెంబరు ఎనిమిది, అమ్మా."

"ఏమిటది?"

"నేను పుట్టిన రోజు. వాళ్ళ లెక్కలో. మెషీన్ ఒప్పుకుంది."

అమ్మ ఫక్కున నవ్వింది. "దాని ఒప్పుకోలెవరిక్కావాలే! కన్నదాన్ని నేను."

జెనెబెచ్ కూడా నవ్వింది. వర్కె పిన్ని నవ్వింది, ఎందుకో తెలియకుండానే. ఫోను పెట్టెయ్యబోతుంటే, కొండ మీద వానలోంచి, ఈసారి మెల్లిగా, అమ్మ గొంతు మళ్ళీ వినిపించింది.

"ఏదీ, ఆ తారీకు ఇంకోసారి చెప్పు."